పడవెక్కితే ఫ్రెంచి

ఆవిడ పడవెక్కితే ఫ్రెంచి మాట్లాడేవారు, దిగితే తెలుగు. ఒక కాలు ఒడ్డు మీదా ఒక కాలు పడవలోనూ ఉన్నప్పుడు మాత్రం ఏదీ మాట్లాడేవారు కాదు. ముందుగా కాన్పు సామాన్ల పెట్టె లోపలికి అందించి, గొడుగు చంకలో ఇరికించుకుని, పడవ నడిపే పోలయ్య చెయ్యి పట్టుకుని ఎక్కి, చీర కుచ్చెళ్లు సర్దుకుని కూర్చునేవారు. అప్పుడు మొదలు.

మొన్న ఏలూరు ఆస్పత్రిలో పెద్ద సిస్టరు గారు నన్ను పిలిపించి, ఆవిడ పోయారని చెప్పారు. ఫ్రాన్సులో రెండో చలికాలం, ఊపిరితిత్తులకు జబ్బు చేసిందట. నేను ఏడవలేదు. నాకు ఏడుపు రావలసిన చోట కోపం వస్తుంది. అంత చలి ఉన్న ఊరికి మా మనిషిని ఎందుకు పంపించారని ఆ సిస్టరు మీద అరిచి బయటికి వచ్చేశాను. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటుంటే గుర్తొచ్చింది, ఆవిణ్ణి పంపించి తీరాలని అందరికంటే ఎక్కువ గొడవ చేసింది నేనేనని.

నేను మద్రాసులో పెరిగాను. నాన్నగారు డాక్టరు కావడంతో మా ఇంట్లో టెలిఫోను ఉండేది. అది పేషెంట్ల కోసం కాదు, నీ కోసమే పెట్టించినట్టుందని అమ్మ విసుక్కునేది. ఇంటర్మీడియెట్‌లో రెండో భాషగా ఫ్రెంచి చదివాను. బి.ఎ.లో చేరిన కొత్తలో ఒక లెక్చరరు గారితో మాటా మాటా పెరిగి, పుస్తకాలు ఆయన బల్ల మీదే వదిలేసి వచ్చేశాను. కోపం తగ్గేదాకా ఉండమని పంతొమ్మిదివందల ముప్పై అయిదులో నన్ను ఏలూరులో మా పిన్ని దగ్గరికి పంపారు. పిన్ని ఇంట్లో టెలిఫోను లేదు. ఆ వీధిలోనే లేదు. ఎవరికి ఏం చెప్పాలన్నా నడిచి వెళ్లాలి, వెళ్లాక కాఫీ తాగాలి, ఇంటిల్లిపాదినీ కుశలం అడగాలి. అప్పటికి నేను అనదలుచుకున్నది కాస్తా చల్లారిపోయేది. కోపిష్టి మనిషికి అంతకంటే శిక్ష ఉండదు.

అలాంటి ఒక మధ్యాహ్నం ఆవిడ వచ్చారు. పిన్నికి రెండు కాన్పులూ చేసిన నర్సు. ముప్పై దాటి ఉండవు. వట్లూరు వైపు మిషను బడిలో పాఠాలు చెప్పే మాష్టారి కూతురు. పిన్ని అత్తగారికి ఆవిడ గడప దాటి లోపలికి రావడం ఇష్టం ఉండేది కాదు. పిన్ని మాత్రం, నా పిల్లల్ని నాకంటే ముందు ఎత్తుకున్న మనిషి అంటూ నడవలోకి తీసుకొచ్చి కుర్చీ వేసేది. ఆవిడ ఆ కుర్చీ అంచున, ఇప్పుడే లేచిపోతాను అన్నట్టు కూర్చుని నా వంక చూశారు.

"మీ పిన్నిగారు చెప్పారండి, కోపమొస్తే మీరు ఫ్రెంచిలో తిడతారని."

పిన్ని వంటింట్లోకి జారుకుంది.

నిజమేనన్నాను. అబద్ధం చెప్పడం నాకు చేతకాదు.

"అయితే నాకూ నేర్పాలండి. నేను సిస్టర్ల దగ్గర నేర్చుకున్నాను గదండీ, తిట్లు తప్ప అన్నీ వచ్చు. నా ఫ్రెంచికి ఒక కాలు పొట్టిగా ఉన్నట్టుందండి."

ఆవిడ అప్పటికే ఒకసారి ఫ్రాన్సు వెళ్లొచ్చిన సంగతి నాకు ఆ రోజే తెలిసింది. ఆస్పత్రిలో పనిచేసే ఒక ఫ్రెంచి సిస్టరుకు పక్షవాతం వచ్చి మాట పడిపోతే, స్వదేశం చేర్చడానికి తోడుగా ఈవిణ్ణి పంపారట. దింపి వచ్చేయడమే అనుకున్నారు. కానీ ఆ జబ్బుమనిషి ఈవిడ చేతి ముద్ద తప్ప ముట్టకపోవడంతో ఏడాది పైన అక్కడే ఉండిపోయారు. కొండల మధ్య ఊరు. అక్కడ తెలుగు సరే, ఇంగ్లీషు తెలిసినవాళ్లు కూడా లేరు. మొదటి మూణ్ణెల్లూ సైగలు. ఆ తరవాత ఒకనాడు వంటింట్లో ఎవరో ఉప్పు ఎక్కడుందని అడిగితే, ఆలోచించకుండా ఫ్రెంచిలో జవాబు చెప్పి, చెప్పినందుకు తనే భయపడ్డారట. తెలుగు మర్చిపోతానేమోనని సాయంత్రాలు పెరట్లో కుందేళ్ల గూటి దగ్గర నిలబడి, వాటితో తెలుగు మాట్లాడేవారట. "అవి బాగా వినేవండి" అన్నారు నాతో, అవి ఏదో పెద్ద చదువుకున్నవి అయినట్టు.

తిరిగొచ్చాక దిగులు తిరగబడింది. ఇప్పుడు ఫ్రెంచి మర్చిపోతానని భయం. మర్చిపోతే ఏమవుతుందని నేను అడిగాను. చెప్పారు. అక్కడ ప్రసూతి వైద్యం నేర్పే రెండేళ్ల చదువు ఉంది. సిస్టర్లు చేర్పిస్తామన్నారు. పాఠాలన్నీ ఫ్రెంచిలోనే. వాల్తేరు నుంచి వీళ్లందరికీ పై సిస్టరు ఒకరు వచ్చి, ఈవిడ ఫ్రెంచి విని, పనికొస్తుందంటేనే ప్రయాణం.

"కొల్లేటి లంకల్లో కాన్పుకి వెళ్తాను గదండీ. బిడ్డ అడ్డం తిరిగిందనుకోండి, నేను చేయగలిగింది పడవ పిలిచి ఏలూరు పంపడమేనండి. అది నర్సు పని కాదు, పోలయ్య పని. అక్కడ ఆ పని చేతులతో ఎలా చెయ్యాలో నేర్పుతారండి."

ఆ మాట చెప్తూ ఆవిడ తన రెండు చేతులూ ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని చూసుకున్నారు. పొట్టి వేళ్లు, గోళ్లు మొదలంటా కత్తిరించి ఉన్నాయి. అలా చూసుకోవడం ఆవిడకి అలవాటని తరవాత తెలిసింది.

ఇంకో అలవాటు, కోటు. ఫ్రాన్సులో ఎవరో ఇచ్చిన నల్లటి ఉన్ని కోటు, మోకాళ్లు దాటేది. ఏలూరు ఎండకి దాన్ని చూస్తేనే చెమట పట్టేది. వాన కాస్త తెరిపిచ్చినప్పుడల్లా ఆవిడ దాన్ని పెరట్లో దండెం మీద ఆరేసేవారు. జేబుల్లో వేపాకు, మిరియాలు. చుట్టుపక్కల పిల్లలు దాన్ని తాకి చూడటానికి వచ్చేవారు. ఒకసారి పొరుగింటి మేక దాని అంచు నమిలింది. నేను మేక వాళ్లతో పోట్లాటకి వెళ్తే, ఆవిడ నన్ను వెనక్కి లాక్కొచ్చి, సూదీ దారం తీసి కుట్టుకుంటూ కూర్చున్నారు. పట్నంలో అమ్మేస్తే మంచి ధర వస్తుంది కదా అన్నాను.

"అమ్మొచ్చండి. కానీ ఇది పోయిందంటే, నేనింక వెళ్లనని నాకే తెలిసిపోతుందండి."

అలా పడవ ప్రయాణాలకి నేనూ వెళ్లడం మొదలైంది. ఏలూరు నుంచి కొల్లేటి ఒడ్డుదాకా ఎడ్లబండి, అక్కణ్ణుంచి పోలయ్య పడవ. రెండు తాటి దోనెలు జోడించి మీద చెక్కలు పరిచిన పడవ అది. పోలయ్య యాభై ఏళ్ల మనిషి, నల్లగా, పడవ తోసే గెడలాగే నిటారుగా ఉండేవాడు. ఆస్పత్రిలో ఉదయం నుంచి సాయంత్రం దాకా ఆవిడకి ఊపిరి సలిపేది కాదు, వీధిలో మాట్లాడితే పిల్లలు వెంటపడతారు. తీరిక దొరికేది నీళ్ల మీదే. అందుకని ఒకనాడు ఎక్కగానే పోలయ్యతో చెప్పేశారట, ఇవాళ్టి నుంచి పడవలో తెలుగు లేదని. దానికి అతను "ఆయ్" అన్నాడట. ఆవిడ ఫ్రెంచి మొదలుపెట్టేసరికి మనిషికి ఏదో సోకిందనుకుని, ఆ రాత్రి ఇంటికెళ్లి పెళ్లాంతో చెప్పి దిష్టి తీయించుకున్నాడట. నెల తిరిగేసరికి మెల్లగా, ఎడమకి, కుడికి, నీళ్లు, కొంగ, కూర్చోండి, ఇవన్నీ ఫ్రెంచిలో అర్థం చేసుకునేవాడు. నేను మొదటిసారి ఎక్కినప్పుడు "బోంజూర్ అండి" అన్నాడు. అండి ఎక్కడ నేర్చుకున్నాడో ఆవిడ నోరు విప్పగానే తెలిసింది.

ఆవిడ ఫ్రెంచి గడగడా సాగేది, కానీ ప్రతి మాట చివరా అండి ఉండేది. అవునంటే వుయ్ అండి. కాదంటే నోన్ అండి. మెర్సీ అండి. నాకు ఒళ్లు మండిపోయేది. పరీక్ష చేసే సిస్టరు నవ్వుతుందని, ఇది భాషకి అవమానమని, గెడ పట్టుకుని పడవ నేనే నడుపుతానన్నంత కోపంగా చెప్పాను. ఆవిడ తలూపి అంతా విన్నారు. తెలుసు గానీ, ఉత్తి వుయ్ అంటే పెద్దవాళ్ల మొహాన తలుపేసినట్టుంటుందని ఫ్రెంచిలోనే చెప్పి, ఆ వాక్యం చివర కూడా అండి తగిలించారు. పోలయ్య నీళ్లలోకి చూస్తూ నవ్వుకున్నాడు.

నేను తిట్లు నేర్పాను. మా కాలేజీలో వచ్చేవి నాలుగో అయిదో. ఆవిడ వాటిని పడవకి అడ్డం వచ్చే గుర్రపుడెక్క మీద ప్రయోగించేవారు, అదీ ఎంతో మర్యాదగా. ముంజల కాలంలో ముంజలు తెచ్చి, ఒక తిట్టుకి ఒక ముంజ చొప్పున నా చేతిలో పెట్టేవారు.

ఆ ఏడాది వానాకాలంలో ఒక లంకకి వెళ్లాం. తొలికాన్పు, పద్దెనిమిదేళ్ల పిల్ల. తెల్లవారుజామున పిలుపొస్తే మేం చేరేసరికి పొద్దెక్కింది. నేను గుడిసె బయట అరుగు మీద కూర్చున్నాను. చాలాసేపటికి ఆవిడ బయటికొచ్చి, చేతులు కడుక్కుని, తల్లికి నెత్తురు ఆగడం లేదని, ఏలూరు తీసుకెళ్లాలని చెప్పారు. బిడ్డ సంగతి చెప్పలేదు. 

అక్కడ ఒక ఆచారం ఉంది. కాన్పు చేసిన మనిషిని వెనక్కి తీసుకొచ్చే పడవవాడు, ఒడ్డు కనపడగానే గెడతో పడవ అంచు మీద కొట్టి, ఆడపిల్లో మగపిల్లాడో కేక వేస్తాడు. ఒడ్డున ఉన్న బంధువులు అతనికి కొత్త తువ్వాలు ఇస్తారు. పోలయ్య గొంతు ఆ కొల్లేరంతటికీ తెలుసు. ఆ రోజు ఆ పిల్లని దుప్పటి కప్పి పడవలో పడుకోబెట్టాం. అలా సగం దూరం వచ్చాక పోలయ్య అలవాటు ప్రకారం ఆవిడ వైపు తిరిగి కనుబొమలు ఎగరేశాడు. కేక ఏమని వెయ్యాలని.

"మోర్" అన్నారు ఆవిడ.

బిడ్డ చనిపోయాడని. పోలయ్య గెడ నీళ్లలోంచి తీసి, చప్పుడు కాకుండా రెండో వైపు దించాడు. ఆ మాట అతనికి తెలుసని, అంతకుముందు కూడా విన్నాడని ఆ తీరులోనే తెలిసింది. దుప్పటిలో పిల్ల కళ్లు తెరిచి, బిడ్డ ఏడుస్తున్నాడా అని అడిగింది. పేషెంటు దగ్గర ఆవిడకి ఆ పడవ నియమం ఉండేది కాదు.

"మీ అత్తగారి దగ్గరున్నాడమ్మా. నువ్వు పడుకో" అన్నారు తెలుగులో.

నేను ఊరుకోలేకపోయాను. అది ఆ పిల్ల బిడ్డ, ఆ పిల్లకి తెలియనివ్వకపోవడం అన్యాయం అని ఫ్రెంచిలోనే గొడవ పెట్టుకున్నాను. ఆవిడ ఆ పిల్ల మణికట్టు పట్టుకుని, దాని మీదే చూపు ఉంచి, నాకు నెమ్మదిగా జవాబు చెప్పారు. రేపు చెప్తాను, ఎల్లుండైనా చెప్తాను, నేనే చెప్తాను. ఒంట్లో నెత్తురు నిలిచాక. ఇవాళ ఆ పిల్ల చేయవలసిన పని ఒక్కటే, బతకడం. ఇంత పొడుగు వాక్యంలో అండి ఒక్కటి కూడా లేదు. 

ఒడ్డున పోలయ్య కేక వెయ్యలేదు. తువ్వాలు పట్టుకుని నిలబడ్డ ఆ పిల్ల తండ్రితో, ముందు మనిషిని దింపుదాం పట్టండి అన్నాడు.

ఆ పిల్ల బతికింది. బిడ్డ సంగతి మూడో రోజున ఆవిడే చెప్పారు, మంచం పక్కన కూర్చుని, నన్ను బయటికి పంపి. ఆ వారమంతా ఆవిడ ఫ్రెంచి మాట్లాడలేదు. పడవలో కూడా. తన చేతులు చూసుకుంటూ కూర్చున్నారు. వారం తరవాత మా ఇంటికొచ్చి, ఆ వాల్తేరు సిస్టరు ఎప్పుడొస్తారో కనుక్కుంటానని, ఈలోగా రోజూ డిక్టేషను చెప్పమని అడిగారు. బిడ్డ అడ్డం తిరిగాడట. చేతులకి ఆ విద్య తెలిసి ఉంటే దక్కేవాడట.

ఎండాకాలంలో ఆ సిస్టరు వచ్చారు. వాల్తేరు నుంచి మద్రాసు వెళ్తూ ఒక పూట తాడేపల్లిగూడెంలో ఆగుతానని కబురు పెట్టారు. మేమిద్దరం రైల్లో వెళ్లాం. అక్కడ చిన్న డిస్పెన్సరీ, ఎర్ర గచ్చు నేల, గోడకి సిలువ, బల్లకి అవతల డెబ్బై ఏళ్ల తెల్లావిడ. ఈవిణ్ణి కూర్చోమని, కులాసాగా ఏదో అడిగారు.

మా మనిషి నోరు తెరిచారు. ఏమీ రాలేదు.

సిస్టరు ఇంకో ప్రశ్న వేశారు, తేలిక ప్రశ్న, ఊరి పేరో ఏదో. "వుయ్ అండి" అన్నారు ఆవిడ. మెడ మీద చెమట ధారగా కారుతోంది. మూడో ప్రశ్నకి అదీ లేదు. పాదాలు గచ్చు మీద ఆనించి, ఆ నేల ఎవరిదో అన్నట్టు కిందికి చూస్తున్నారు. అప్పుడు నాకు వెలిగింది. రెండేళ్లుగా ఈవిడ నేల మీద ఒక్క ఫ్రెంచి ముక్క మాట్లాడలేదు. డిక్టేషను రాసేవారు, మాట్లాడటం మటుకు పడవలోనే. నేలా నోరూ ఒకదానికొకటి తెలియవు.

సిస్టరు జాలిగా కాగితాలు సర్దుతూ, భాష పోయింది, పాపం, ఇంకో ఏడాది చూద్దాం అన్నారు. నాకు కోపం నెత్తికెక్కింది. కాలేజీ ఫ్రెంచిలో, ఈ మనిషి నేల మీద మాట్లాడదు, నీళ్ల మీదే మాట్లాడుతుంది, మీరు పడవెక్కి తీరాలి అన్నాను. ఆ ముసలావిడ నేను భాష తప్పు మాట్లాడాననుకుని రెండుసార్లు చెప్పించుకున్నారు. మూడోసారి నేను చెప్పలేదు. వెళ్లి సిస్టరు గారి గొడుగు తెచ్చి చేతికిచ్చాను.

డిస్పెన్సరీకి దగ్గర్లోనే ఏలూరు కాలవ. రేవులో బియ్యం బస్తాల పడవ ఒకటి బయల్దేరబోతోంది. పడవ ఆసామి మమ్మల్నీ, ఆ తెల్ల సిస్టర్నీ చూసి, బస్తాల మీద తుండుగుడ్డ పరిచి, ఎక్కడిదాకా వెళ్లాలని అడిగాడు. తెలీదు, నువ్వు పోనీ అన్నాను. తాడు లాగే మనుషులు గట్టు మీద కదిలారు. పడవకీ రేవుకీ మధ్య రెండు మూరల నీళ్లు వచ్చాయో లేదో, మా మనిషి గొంతు సవరించుకున్నారు.

తరవాత ఎవరూ ఆపలేకపోయారు. కొండ ఊళ్లో కుందేళ్ల దగ్గర మొదలుపెట్టి, పక్షవాతం సిస్టరు చివరి రోజులు, కొల్లేటి లంకలు, అడ్డం తిరిగిన బిడ్డలు. ఒక బస్తాని ఒళ్లోకి లాక్కుని, దాన్ని గర్భిణి పొట్ట చేసుకుని, బిడ్డ తల ఎక్కడుందో, తన చెయ్యి ఎక్కడిదాకా వెళ్లిందో, ఎక్కడ ఆగిపోయిందో చూపించారు. అక్కణ్ణుంచి ఏం చెయ్యాలో నాకు తెలియలేదండి, అది నేర్చుకోవడానికే వస్తానంటున్నానండి అన్నారు. ముసలావిడ గొడుగు మడవడం మర్చిపోయి వింటున్నారు. మధ్యలో వంగి, బస్తా మీద చెయ్యి వేసి, ఇలా తిప్పాలి అని చూపించారు. పడవ ఆసామికి ఏం అర్థమైందో గాని, బస్తా విప్పితే ఊరుకోనండి అన్నాడు.

తరవాతి రేవులో దిగి ఎడ్లబండిలో వెనక్కి వచ్చాం. రైలు తప్పిపోయింది, సిస్టరు పట్టించుకోలేదు. బండిలో మా మనిషి మళ్లీ మూగ. ముసలావిడ ఆవిడ చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుని నాతో అన్నారు, ఈమెను పంపిస్తాను. కానీ మా ప్రసూతి బడిలో పడవ లేదు, వెళ్లేలోపు నేల మీద మాట్లాడటం నేర్పించు.

నేర్పించాను. మొదట ఇత్తడి బేసిను నిండా నీళ్లు పోసి, అందులో కాళ్లు పెట్టుకుని కూర్చోమన్నాను. మాట్లాడారు. రోజుకి చెంబెడు నీళ్లు తగ్గించుకుంటూ వచ్చాను. మా పిన్ని అత్తగారు వచ్చి గుమ్మంలో నిలబడి చూసి, ఇది వైద్యమా చదువా అని అడిగారు. రెండూనండి అన్నారు ఆవిడ. అలా ఒట్టి బేసిను దాకా వచ్చి, చివరికి ఒకరోజు బేసిను కూడా తీసేశాను. ఆవిడ చాలాసేపు కాళ్ల వంక చూసుకుని, మెల్లగా ఫ్రెంచిలో, ఆకలేస్తోందండి అన్నారు. నేల మీద ఆవిడ మొదటి వాక్యం అది.

ఏలూరు స్టేషనులో మండుటెండలో ఆ కోటు చేతి మీద వేసుకుని నిలబడ్డారు. పోలయ్య కూడా వచ్చాడు, చేతిలో గెడ లేకపోయేసరికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక. రైలెక్కాక ఫ్రెంచి మాట్లాడతారేమో అనుకున్నాను. "రైలు నేల మీదే గదండీ. ఓడెక్కాక చూస్తానండి" అన్నారు. మీ కోపం తగ్గాక మీరూ వెళ్లి చదువుకోండి అని నాకు చెప్పారు. ఆ తరవాత కిటికీలోంచి వంగి, నెలకోసారైనా పోలయ్య పడవెక్కమన్నారు.

"అతను మర్చిపోకూడదండి. నేనొచ్చేసరికి అక్కడ పడవలో నాకు జవాబు చెప్పేవాళ్లు ఉండాలండి."

ఎక్కాను. ప్రతి నెలా. మద్రాసు వెళ్లి బి.ఎ.లో మళ్లీ చేరాక కూడా సెలవులకి వచ్చినప్పుడల్లా ఎక్కాను. పడవలో కూర్చోగానే పోలయ్య ఒకటే మాట అడిగేవాడు, మదాం అని, గొంతు కాస్త పైకెత్తి. ఆవిడ ఎలా ఉన్నారని. ఆవిడ ఉత్తరాల్లో తెలిసింది ఫ్రెంచిలో చెప్పేదాన్ని. మొదటి ఏడాది పరీక్ష గట్టెక్కారని. బడిలో కాన్పులు చేయనిస్తున్నారని. కోటుకి కొత్త గుండీలు వేయించుకున్నారని.

ఆ చలికి ఆ కోటు చాలలేదు.

నిన్న కొల్లేటి ఒడ్డుకి వెళ్లాను. ఒడ్డున చేపల బుట్టలతో మనుషులు ఉన్నారు, వాళ్ల ముందు చెప్పలేకపోయాను. పోలయ్య బోంజూర్ అండి అని చెయ్యి అందించాడు. ఎక్కి కూర్చున్నాను. కొంగలు చాలా మటుకు వెళ్లిపోయాయి, నీళ్లు తీశాయి. గెడ నాలుగుసార్లు పడ్డాక వెనక్కి తిరిగాడు.

"మదాం?"

తెలుగులో చెబుదామనుకున్నాను. ఆ పడవలో తెలుగు నోటికి రాలేదు. మదాం ఇక లేరని ఫ్రెంచిలో చెప్పాను. అతనికి ఆ వాక్యం అందలేదు. నా మొహం చూశాడు.

"మోర్?" అన్నాడు.

"వుయ్ అండి" అన్నాను.

పోలయ్య గెడ నీళ్లలోంచి తీసి, చప్పుడు కాకుండా రెండో వైపు దించాడు. పడవ లంక వైపు సాగింది.  ఒకచోట గుర్రపుడెక్క అడ్డం వస్తే ఆగి, గెడతో దాన్ని పక్కకి తోశాడు. దాన్ని తిట్టేవాళ్లు లేరు.

లంక రేవులో ఒక మనిషి చీర పైకి దోపుకుని, మోకాలి లోతు నీళ్లలో నిలబడి మా పడవ వంకే చూస్తోంది. ఒక చెయ్యి నడుం మీద ఉంది. దగ్గరికొచ్చేదాకా గుర్తుపట్టలేదు. ఆనాడు దుప్పటి కప్పి తెచ్చిన పిల్లే. ఇప్పుడు మళ్లీ నెలలు నిండబోతున్నాయి.

"పోలయ్య మావా, మా నర్సమ్మగారు ఎప్పుడొస్తారంట? నా నెలకి వచ్చేస్తారా?"

పోలయ్య దిగాడు. పడవని ఒడ్డుకి లాగి, తాడు రాటకి కట్టి, ముడి గట్టిగా ఉందో లేదో చూసుకున్నాడు.

"ఇంకా చదువుకుంటన్నారంటమ్మా" అన్నాడు.

ఆ పిల్ల నా వైపు తిరిగింది. "నిజమేనాండీ?"

నేను కూడా దిగాను. ఆ పిల్ల పొట్ట చూశాను, మణికట్టు చూశాను. అబద్ధం చెప్పడం నాకు చేతకాదని ఏలూరులో అందరికీ తెలుసు.

"ఆయ్. ఇంకో ఏడాది ఉందండి చదువు" అన్నాను. "ఈలోగా నిన్ను నెల నిండకముందే ఏలూరు ఆస్పత్రికి తీసుకొచ్చెయ్యమని మరీ మరీ చెప్పారు. ఎల్లుండి బండి పంపిస్తాను. నువ్వు నడవకు."